ఎస్కో వంతు

ఆవిరి గది తలుపు తీసి చూస్తే పై మెట్టు మీద ఎవరూ లేరు. లేరని ఆర్మస్‌కి తెలుసు. తెలిసీ కూడా తలుపు సగమే తీశాడు, లోపల కూర్చున్నవాడి మీదికి చల్లగాలి పోకుండా తీసినట్టు. మనిషి పోయాడన్న కబురు తలకి అందుతుంది, గుండెకి అందుతుంది, చేతికి మాత్రం చాలా ఆలస్యంగా అందుతుందేమో. సందులోంచి పక్కగా దూరి, తలుపు వెనక్కి నెట్టి, చేతిలోని నార గుడ్డ పై మెట్టు మీద పరిచి కూర్చున్నాడు. ఎప్పుడూ కూర్చునే చోటే. పక్కన గోడ మూల ఎస్కో చోటు అలాగే వదిలేశాడు. అక్కడ చెక్క పొడిగా ఉంది. మామూలుగా అయితే ఈపాటికి ఆ చెక్క తడిసి నల్లబడి, దాని మీద ఓ భారీ శరీరం ఎర్రగా కాలి కూర్చుని ఉండాలి.

ఈ అపార్టుమెంటు మొత్తానికి ఒకటే ఆవిరి గది, సెల్లారులో, సైకిళ్ల గది పక్కన. వారానికి ఒక్కో ఇంటికి ఒక్కో గంట వంతు. ఎస్కోది ఆదివారం నాలుగు నుంచి ఐదు, ఆర్మస్‌ది ఐదు నుంచి ఆరు. ఒకరి వంతులో ఇంకొకరు అడుగు పెట్టడమంటే వాళ్ల ఇంట్లోకి దూరి బీరువా తెరిచినంత పని. ఈ తుర్కు ఊళ్లో ఎవణ్ణి అడిగినా అదే చెబుతాడు. అయినా ఆర్మస్ పది నిమిషాల ముందే కిందికి దిగేవాడు. ఎస్కో కూడా ఆ పది నిమిషాలూ లేవకుండా కూర్చునేవాడు. రమ్మని వాడనలేదు, ఉండమని వీడనలేదు. పొయ్యి మీద కాలే రాళ్లపై ఒక్కసారి నీళ్లు పోసుకుని, ఆ ఆవిరి ఇద్దరూ కలిసి ఓర్చుకుని, ఎస్కో లేచి వెళ్లిపోయేవాడు. ముప్ఫై ఏళ్ల స్నేహమంతా ఆ పది నిమిషాల్లోనే. మెట్ల మీద ఎదురుపడితే తలూపుకోవడమే. ఎస్కో పోయాక ఇన్నాళ్లూ ఆర్మస్ ఇక్కడికి రానే లేదు, ఇవాళ వచ్చినా ముందే దిగలేదు. దిగి ఎవరి పక్కన కూర్చోవాలి గనక? వంటగది గడియారంలో ఐదయ్యాకే తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

బాల్చీలోంచి కొయ్య గరిటె తీసి నీళ్లు ముంచాడు. "పొయ్యనా?" అన్నాడు. అడక్కుండా పొయ్యడం మర్యాద కాదు. ఆ మాట అనేశాక గాని ఎవర్ని అడిగాడో తెలియలేదు. రాళ్లు బుస్సుమన్నాయి. ఆవిరి ముందు కప్పుకి ఎగిరి, తీరిగ్గా వంగి, వీపు మీద చెయ్యేసింది. అప్పుడు చూశాడు, కింది మెట్టు తడిగా ఉంది. ఇప్పుడే ఎవరో లేచి వెళ్లినట్టు మెరుస్తోంది తడి. ఇంతసేపూ నడిచింది ఎస్కో వంతు. ఎస్కో పోయాక ఆ గంట ఖాళీ, ఇంకా ఎవరికీ ఇవ్వలేదని చెప్పారు. మరి ఎవరు తడిపినట్టు? అంత వేడిలోనూ ముంజేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. కళ్లజోడు లేదుగా, కంటికి అలా కనిపిస్తోందేమో అనుకుని కాలి బొటనవేలు జాపి ముట్టుకున్నాడు. తడే.

ఇది కూతురు పైవితో చెప్పకూడదు. ఇలాంటివి పైవితో అస్సలు చెప్పకూడదు. ఈ పొద్దున్నే ఫోను చేసింది, తనుండే ఔలు ఊరి నుంచి. నాన్నా, మా ఇంటికి రెండు వీధుల అవతలే, పెద్దవాళ్ల కోసం కట్టిన గదులు, కిటికీలోంచి నది కనిపిస్తుంది, భోజనం వాళ్లే పెడతారు, ఒక నర్సు ఎప్పుడూ ఉంటుంది, ఒక గది ఖాళీ అయింది, రేపటికల్లా చెప్పాలన్నారు అని. రాత్రికి మళ్లీ చేస్తానంది. మంచి పిల్ల. గొంతు పెంచదు. వేసవిలో వచ్చినప్పుడు బల్ల మీద రెండు కప్పులు చూసింది, రెండిట్లోనూ కాఫీ, రెండో దాని పక్కన గోధుమ బిస్కెట్టు కూడా. అదెవరికి నాన్నా అని అడిగింది. నాకే, రెండోసారికి, అన్నాడు. పైవి ఆ కప్పులోని కాఫీ వాసన చూసింది, పాలు కలిపి ఉంది. ఆర్మస్ జన్మలో పాలు కలుపుకోడు. పాలు కలుపుకునేది వాళ్లమ్మ. పైవి ఆ కప్పు కడిగి బోర్లించింది, అంతే. ఆ మర్నాటి నుంచే ఔలు మాటలు మొదలయ్యాయి.

భార్య హిల్కా పోయి మూడో శీతాకాలం వస్తోంది. పోయిన కొత్తలో ఏమీ లేదు. ఇల్లు ఇల్లులా ఉండేది, గోడలు గోడల్లా. తర్వాత ఓ తెల్లవారుజామున మెలకువొచ్చి పడుకుని ఉన్నాడు, లేవాలనిపించక. పడకగది గుమ్మం దగ్గర ఇంటి చెప్పుల చప్పుడు. ఈడుస్తూ నడవడం ఆమెకి అలవాటు, ఎడమ కాలు కొంచెం ఎక్కువ ఈడుస్తుంది. వంటగది దాకా వెళ్లింది చప్పుడు. కొళాయి తిరిగింది. ముందు కొంచెం నీళ్లు, కెటిల్ తొలిచి పారబోయడానికి. ఆగి, మళ్లీ నీళ్లు, ఈసారి నిండా. ఆఖర్న టక్కుమని దెబ్బ. కట్టేసేటప్పుడు ఆ పాత కొళాయి అలాగే కొడుతుంది. నిన్నటి కెటిల్‌ని తొలవకుండా నింపేస్తావు, అదేం కాఫీయో, బురదో అని బతికున్నన్నాళ్లూ సాధించింది ఆవిడ. ఇప్పటికీ ఆర్మస్ తొలవడు. కొళాయి కింద పెట్టడం, నింపడం, అంతే. ఆ రోజు లేచి వెళ్లి చూస్తే వంటగదిలో ఎవరూ లేరు. కెటిల్ ఉన్నచోటే ఉంది. సింకు తడిగా ఉందో లేదో చెయ్యి పెట్టి చూడలేదు. చూడాలని లేదు. తడిగా ఉంటే ఒక భయం, పొడిగా ఉంటే ఇంకో భయం.

ఎవరితో చెప్పుకోవాలి? డాక్టరుతో చెబితే మాత్ర ఇస్తాడు, పైవితో చెబితే గది చూస్తుంది. చర్చిలో పాదిరిది పాపం, చిన్న వయసు, దిగులుపడతాడు. ఓ ఫిబ్రవరి ఆదివారం, ఇదే చెక్క మీద కూర్చుని, మోకాళ్లకేసి చూస్తూ, ఎస్కోతో చెప్పేశాడు. చెప్పులు, కొళాయి, తొలవడం, నింపడం, అన్నీ. మాట మాటకీ మధ్య రాళ్లు చల్లారేంత సేపు పట్టింది. ఆర్మస్ జీవితంలో ఒకే విడతలో అన్ని మాటలు చెప్పింది అంతకు ముందు రెండే సార్లు, ఒకటి ఆర్మీ వాళ్లు అడిగినప్పుడు, ఇంకోటి హిల్కా వాళ్ల నాన్న అడిగినప్పుడు. ఎస్కో తల గోడకి ఆనించుకుని, కళ్లు మూసుకుని, అంతా విన్నాడు. విని, "ఊఁ" అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు. ఎందుకు, ఎలా, డాక్టరుకి చూపించావా, అవేమీ లేవు. వానొచ్చిందని చెబితే ఎలా ఊఁ అంటారో అలా అన్నాడు. గుండెల మీంచి బండ దిగిపోయింది ఆర్మస్‌కి. కథకి ఊఁ కొట్టేవాడుంటే చాలు, చెప్పేవాడు పిచ్చివాడు కాడు. ఎస్కో ఊఁ అన్నాడంటే ఇవి లోకంలో జరిగేవే, ఎస్కోకి తెలిసినవే. వాడూ పెళ్లాం పోయినవాడే కదా, వాడికీ ఏవో వినిపిస్తూనే ఉంటాయి. ఆ ఒక్క ఊఁ పట్టుకునే ఇంతకాలం ఆ ఇంట్లో ఉన్నాడు, పొద్దున్నే రెండు కప్పులు పెట్టుకుంటూ.

ఆగస్టులో ఆఖరి ఆదివారం. ఎస్కో లేచి వెళ్లాడు. తలుపుకున్న చిన్న గాజు పలకలోంచి చూస్తే బయట బెంచీ మీద కూర్చుని బూట్లు తలకిందులు చేసి దులుపుకుంటున్నాడు. ప్రతివారం దులిపేవాడు. ఎక్కడ తిరుగుతాడో గాని ఈ మనిషి బూట్లలో ఎప్పుడూ రాళ్లే అనుకునేవాడు ఆర్మస్. బట్టలేసుకుని, టోపీ పెట్టుకుని, మళ్లీ తలుపు సగం తీసి తల లోపల పెట్టాడు. ఎన్నడూ లేనిది.

"వచ్చే ఆదివారం నీకో మాట చెప్పాలోయ్. మీ ఇంటి సంగతి," అన్నాడు.

ఇప్పుడే చెప్పు అని ఆర్మస్ అనలేదు. అలా అనేవాళ్లు ఈ ఊళ్లో లేరు. వారం ఆగినంత మాత్రాన మాట పులిసిపోదు. చెప్పేవాడు సిద్ధమైనప్పుడు చెబుతాడు. ఎస్కో ఆ గురువారమే బస్టాపులో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. రెండు బస్సులు ఆగి, చెయ్యెత్తకపోయేసరికి వెళ్లిపోయాయట. మీ ఇంటి సంగతి. ఏమిటి మా ఇంటి సంగతి? చర్చిలో ప్రార్థనప్పుడు అదే ఆలోచన, సమాధిలో మట్టి పోస్తున్నప్పుడూ అదే. ఎస్కో చెప్పబోయింది, నాకూ వినిపిస్తుందోయ్ అనే అయితే, ఔలు వెళ్లక్కర్లేదు. నువ్వు డాక్టరు దగ్గరికి పో అనే అయితే, వెళ్లాలి. చెప్పేవాడు మాటని పళ్ల వెనకే పెట్టుకుని వెళ్లిపోయాడు. ఇక రాత్రి పైవికి జవాబు చెప్పాలి.

చెమట కళ్లలోకి దిగి మండింది. తుడుచుకోలేదు. చిన్నప్పుడు అమ్మ తుడవనిచ్చేది కాదు, ఆవిరి గదిలో గుడిలో ఉన్నట్టుండాలిరా అనేది, అరవకూడదు, తిట్టుకోకూడదు, ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పకూడదు. అప్పటిది సరస్సు ఒడ్డున దుంగల గది, లోపల పొగ చూరి నల్లగా ఉండేది. ఆర్మస్ పుట్టింది దాంట్లోనే, వాళ్ల నానమ్మకి ఆఖరి స్నానం చేయించిందీ దాంట్లోనే. అందరి స్నానాలూ అయ్యాక అమ్మ ఇంకో గరిటె నీళ్లు రాళ్ల మీద పోసి, తలుపు దగ్గరగా వేసేసి, పదండి, వెనక్కి చూడకండి, ఇప్పుడు వాళ్లు చేసుకుంటారు అనేది. ఎవరమ్మా అంటే, చలేసేవాళ్లు అనేది. హిల్కా నవ్వేది ఈ మాటలకి. పట్నం పిల్ల. ఆదివారం ఆమెకి దేవుడి కన్నా పత్రికలో గళ్ల నుడికట్టు ముఖ్యం. బాల్కనీలో కుర్చీ వేసుకుని, పెన్సిలు కొరుకుతూ, ఐదక్షరాలు, ఉప్పునీటి చేప, చెప్పు చెప్పు అని వేధించేది. చెబితే, నిన్నెవరడిగారు, నాకు తెలుసు అనేది. ఆదివారాలన్నీ ఎటు పోయాయో. ఆమె పెన్సిలు కొరికేది, తను పడవకి తారు పూసేవాడు, మధ్యాహ్నానికి బఠాణీల సూపు మిగిలితే మిగిలినట్టే తాగేవాళ్లు. చెప్పుకోవడానికి ఒక్క గొప్ప సంగతి లేదు. పడవ అమ్మేసి ఎన్నేళ్లయినా తారు వాసన మాత్రం గోళ్ల సందుల్లో ఉండిపోయింది. సరిగ్గా ఈ రోజుల్లోనే, ఆకులు రాలిపోయాక, బాల్కనీ కుర్చీ మడతపెట్టి లోపల పెట్టేది. పెట్టి, స్టూలెక్కి, వంటగది గడియారం దించి, చలికాలం వేళకి దేశమంతా తిప్పుకున్నట్టే ముల్లు ఓ గంట వెనక్కి తిప్పేది. ఇదుగో, గవర్నమెంటు వాళ్లు ఓ గంట ఊరికే ఇచ్చారు, ఏం చేస్తావో చేసుకో అనేది. ఆ పనులేవీ తన చేతికి రాలేదు. ఇవాళ పొద్దున కూడా ఏదో చెయ్యాలి, ఏదో మరిచిపోయాను అనిపిస్తూనే ఉంది. కుర్చీ ఇంకా బాల్కనీలోనే తడుస్తోంది, అదే అయ్యుంటుంది.

బయట చెక్క బెంచీ కిర్రుమంది. ఎవరో బూట్లు విప్పుతున్నారు. అడుగులు. తలుపు సగమే తెరుచుకుంది, లోపలున్నవాడి మీదికి చల్లగాలి పోకుండా. ఆ సందులోంచి పక్కగా, ఓ భారీ భుజం, దాని వెనక ఓ పొట్ట, వంగిన మెడ లోపలికి దూరాయి. అదే భుజం, అదే మెడ. అయితే వచ్చాడన్నమాట, చెప్పడానికి.

"నేనే బాబాయ్, తాప్యోని. ఎస్కో వాళ్లబ్బాయిని," అన్నాడు వచ్చినవాడు. అని, గుమ్మంలోనే ఆగి, ఆర్మస్ వంక చూసి, ఏదో అనబోయి మానుకున్నాడు. "కాసేపు కూర్చోనా, మీకు ఇబ్బంది లేకపోతే?"

వంతు వేళలు తెలియక వచ్చేశాడు కుర్రాడు అనుకున్నాడు ఆర్మస్. కుర్రాడంటే యాభై దాటినవాడే. వాళ్ల నాన్న వంతు అయిపోయి తన వంతు మొదలైందని ఎత్తి చూపడం ఏం బాగుంటుంది? "కూర్చో, చోటుకేం కొదవ," అన్నాడు, పెద్దమనసు చేసుకుని. మూల చోటు చూపించాడు. తాప్యో అక్కడికి ఎక్కలేదు. అది నాన్నది కదా అని కింది మెట్టు మీద కూర్చున్నాడు. చిన్నప్పుడు ఈ తలుపు దగ్గరే వేడి వేడి అని గొంతు చించుకుని ఏడ్చేవాడివి, మూడో అంతస్తు దాకా వినిపించేది అన్నాడు ఆర్మస్. ఇప్పుడూ ఏడుపే వస్తుంది బాబాయ్, మా ఆవిడ నలుగురికీ చెబుతుందని ఊరుకుంటున్నా అన్నాడు తాప్యో. ఇల్లు ఖాళీ చేయడం అయిపోయిందట. పొద్దున్నే నీళ్లు మెయిను దగ్గరే కట్టేశాడట. అందుకే ఒళ్లు కడుక్కుందామని కిందికి వచ్చాడు. రేపు తాళాలిచ్చేసి వెళ్లిపోతాడు. మాట మధ్యలో ఆగి ఆగి, ఊపిరి తీసుకుని చెప్పే తీరు కూడా తండ్రిదే. ఆర్మస్ కళ్లు మూసుకుని వింటున్నాడు. కళ్లు మూసుకుంటే ఎస్కోనే.

గరిటె ముంచి, పొయ్యనా అని అడిగి, పోసి, ఆవిరి నెత్తి మీదికి వంగాక, ఆ మరుగులో అన్నాడు ఆర్మస్, మీ నాన్నా నేనూ ఇక్కడ కూర్చుని చాలా మాట్లాడుకున్నాం అని.

తాప్యో తల తిప్పి చూశాడు. "ఇక్కడా? నాన్నతోనా?"

"ఏం?"

"నాన్నకి ఇక్కడ ఏం వినిపించేది బాబాయ్? షిప్‌యార్డులో ఇనప రేకుల మోతకి రెండు చెవులూ ఎప్పుడో పోయాయి. చెవుల్లో మిషన్లు పెట్టుకునేవాడు, కనిపించని రకం. ఎవరికీ చెప్పనిచ్చేవాడు కాదు. ఆవిరి తగిలితే పాడైపోతాయని ఇక్కడికొచ్చేటప్పుడు తీసి, బూటుకొకటి చొప్పున పడేసుకునేవాడు."

బూట్లు. ప్రతి ఆదివారం తలకిందులు చేసి దులిపిన బూట్లు. నీళ్ల చుక్క ఒకటి ఇంకా ఓ రాతి మీద గెంతుతోంది, ఎక్కడా నిలవలేక. అయితే ఫిబ్రవరిలో చెప్పినదంతా, చెప్పులు, కెటిల్, కొళాయి, అన్నీ గోడకి చెప్పినట్టే. పెదాలు కదలడం ఆగగానే మర్యాదకి ఊఁ అన్నాడు ఎస్కో, పాపం. ఏ మాటకైనా ఊఁ అనేవాడు, ఇప్పుడు ఆలోచిస్తే. ఒక్కసారైనా తిరిగి అడిగింది లేదు. ఆ ఊఁ మీదనే ఇన్నాళ్లూ ఒక ఇల్లు నిలబెట్టుకున్నాడు తను, కింద ఏమీ లేకుండా. ఇక రాత్రి పైవికి సరేనని చెప్పెయ్యడమే. నది కనిపిస్తుందిగా. నది కనిపిస్తే చాలదూ మనిషికి. భోజనం వాళ్లే పెడతారు. ఒక కప్పే పెడతారు.

ఎంతసేపటికో, అడిగి లాభం లేదని తెలిసే అడిగాడు. "మీ నాన్న నాకేదో చెప్పాలన్నాడు. మా ఇంటి సంగతి అన్నాడు."

తాప్యో నవ్వాడు. "ఆ కొళాయి గోలేనా? చెప్పనే లేదా మీకు? ఏడాది నుంచీ నాకు ఫోన్లో చెబుతూనే ఉన్నాడు. ఒకరింటి సంగతి మనం ఎత్తి చూపడం బాగుండదురా అని నానుస్తూ వచ్చాడు. మీరు స్నానానికి దిగేటప్పుడు వంటగదిలో కొళాయి వదిలేసి వస్తున్నారట బాబాయ్. నీళ్ల బిల్లు అందరికీ పంచుతారు కదా, ఎవరైనా పట్టుకుంటే మీకు నామోషీ అని ఆయన బాధ."

"వినపడదన్నావుగా?"

"చెవికి వినపడదు, ఎముకకి వినిపిస్తుంది. షిప్‌యార్డులో నేర్చుకున్న విద్య. ఆ మూల చెక్క వెనకాల గొట్టం ఉంది చూడండి, మన రెండిళ్లకే వెళ్తుంది, మాకూ, పైన మీకూ. చెవి వెనకాల ఎముక దానికి ఆనించి కూర్చునేవాడు. మీరు మెట్లు దిగుతుండగానే, ప్రతి ఆదివారం, పైన నీళ్లు మోగేవట. అదిగో ఆర్మస్ బయల్దేరాడు అనుకునేవాణ్ణిరా అనేవాడు."

ఎస్కో తల చల్లబరుచుకోవడానికి గోడకి ఆనిస్తాడనుకున్నాడు ఆర్మస్. ముప్ఫై ఏళ్లూ అదే అనుకున్నాడు.

తాప్యో లేచాడు. తలుపు దగ్గర ఆగి, మొహమాటంగా మెడ గోక్కున్నాడు. "నాన్న వంతు ఇంకా పావుగంట ఉంది బాబాయ్. మీరే కూర్చోండి. ఆ వెంటనే మీ వంతేగా, ఐదుకి. మళ్లీ పైకెక్కి దిగడం దేనికి?" అని, ఇంకొంచెం తగ్గిన గొంతుతో, "ఇవాళ గడియారాలు వెనక్కి తిప్పారు కదా. నేనూ పొద్దున ఓ గంట ముందే లేచి కూర్చున్నా," అన్నాడు. తలుపు నెమ్మదిగా మూసుకుంది.

ఆర్మస్ అలాగే కూర్చున్నాడు. ముందు సిగ్గు వచ్చింది, చెమటలోంచి కూడా తెలిసేంత వేడిగా. తన గడియారంలో ఐదయినప్పుడు ఊరికింకా నాలుగే. ఒకరి వంతులో దూరి, వాళ్ల అబ్బాయినే పెద్దమనసుతో కూర్చోమన్నాడు. కింది మెట్టు తడిపినది మూడు గంటల వంతులో పిల్లలతో వచ్చే ఆవిడ, అంతే. దయ్యమూ లేదు ఏమీ లేదు. గడియారం తిప్పడం మరిచిపోయిన ముసలివాడున్నాడు. గడియారం మరిచినవాడు కొళాయి మరవడా? పైవి అదే అంటుంది. ప్రతి ఆదివారం కొళాయి వదిలేసి, స్నానం చేసి వెళ్లి, తనే కట్టేసి, కట్టిన సంగతి మళ్లీ మరిచిపోతున్నాడా? అలా అయితే తెల్లవారుజామున వినిపించేది కూడా తన చేతులే, తన కాళ్లే. హిల్కా లేదు, తనూ సగం లేడు. ఔలు వెళ్లాల్సిందే. ఒకవేళ మోగింది తను వదిలిన కొళాయి కాకపోతే? చెవిటివాడు కట్టుకథ చెప్పడు. హిల్కా సంగతి వాడికి వినిపించనే లేదు, కాబట్టి తన మాట పట్టుకుని ఊహించుకున్నదీ కాదు. ఇవాళ వంటగదిలో కొళాయి ముట్టుకున్నాడా? లేదు. మధ్యాహ్నం తర్వాత ఆ వైపుకే వెళ్లలేదు, గడియారం గుమ్మంలోంచే చూశాడు. వెళ్లలేదనే అనిపిస్తోంది. అనిపించేవాటి మీద నమ్మకమే కదా పోయింది.

బయట బెంచీ మీద తాప్యో బూట్లు వేసుకుంటున్నాడు, గాజు పలకలో వీపు కనిపిస్తోంది. వాళ్ల ఇంట్లో నీళ్లు మెయిను దగ్గరే కట్టేసి ఉన్నాయి. ఆ గొట్టం మీద ఇక మిగిలింది తన వంటగది ఒక్కటే.

నార గుడ్డ పట్టుకుని మూలకి జరిగాడు. ఎస్కో చోటులో కూర్చున్నాడు. ఎన్నేళ్ల బరువుకో చెక్క అక్కడ గుంటపడి ఉంది, ఆర్మస్ చిన్న ఒళ్లు దాంట్లో వదులు వదులుగా కూర్చుంది. తల పక్కకి వంచి, చెవి వెనక ఎముక చెక్కకి ఆనించాడు. గదంతా కాలుతున్నా అక్కడ మాత్రం చల్లగా ఉంది. మొదట తన నెత్తురు చప్పుడే వినిపించింది, దూరాన ఎవరో కార్పెట్టు దులుపుతున్నట్టు. తర్వాత అది కూడా వెనక్కి తగ్గింది. కిందెక్కడో భూమిలోంచి లేచి, గోడలోంచి, ఎస్కో ఖాళీ ఇంటిని దాటుకుని, పైకి వెళ్లే గొట్టం, చీకటిగా, నిండుగా, కదలకుండా. వదిలేసిన కొళాయి అయితే ఈపాటికి మోగుతూనే ఉండాలి. మోగడం లేదు. ఆర్మస్ కళ్లు మూసుకున్నాడు. ఎస్కో వంతు ఆఖరి పది నిమిషాలు ఇప్పుడే మొదలవుతున్నాయి. ప్రతి ఆదివారం తను మెట్లు దిగే వేళ. ఇవాళ దిగేవాడు లేడు, కిందే ఉన్నాడు.

గొట్టం మూలిగింది.

కొంచెంసేపే. కెటిల్ అడుగున నీళ్లు తిప్పి పారబోసేంత సేపు. ఆగింది. ఆర్మస్ వేళ్లు చెక్క అంచుని పట్టుకున్నాయి. మళ్లీ మోగింది, ఈసారి తొందర లేకుండా, నిండేదాకా, ఇద్దరికి సరిపోయేదాకా. ఆఖర్న టక్కుమని దెబ్బ, ఎముక మీద వేలితో కొట్టినట్టు. ఆ తర్వాత ఏమీ లేదు.

వదిలేసిన కొళాయి తనంతట తాను కట్టుకోదు. ఆర్మస్ కెటిల్ తొలవడు. గడియారం మాట తను మరిచాడు గాని, వేళ ఆమె మరవలేదు.

చాలాసేపు తల తియ్యలేదు. రాత్రి పైవి ఫోను చేస్తుంది. ఏం చెప్పాలో ఇప్పుడు తెలుసు, ఎలా చెప్పాలో తెలియకపోయినా. చెప్పులు దగ్గర మొదలుపెట్టి మొత్తం చెబుతాడు. ఆ పిల్లకి చెవులు బాగానే ఉన్నాయి. అది ఊఁ అన్నా అనకపోయినా ఔలుకి మాత్రం వెళ్లడు. ఇంట్లో మనిషిని పెట్టుకుని ఎలా వెళ్తాడు?

గరిటె నిండా నీళ్లు ముంచాడు. ఇది ఎస్కో వంతులో ఆఖరి గరిటె. పొయ్యనా అని అడగలేదు. రాళ్లు బుస్సుమన్నాయి, ఆవిరి ఖాళీ మెట్ల మీదికంతా వంగింది. ఆ చప్పుడు పూర్తిగా అణిగేదాకా ఆగి, గోడలోకి, పైకి, వినిపించేంత గట్టిగా అన్నాడు ఆర్మస్.

"ఊఁ."